పావు బిళ్ల పొద్దు

పోలమ్మ, 1వ రోజు. బుధవారం

ఈ పుస్తకం ఒడ్డున గట్టు మీదున్న పెద్ద కేంద్రానికి వెళ్ళదు. కేంద్రానికి వెళ్ళే పట్టికలో రెండే గళ్ళుంటాయి, పచ్చ ఒకటి, ఎరుపు ఒకటి. నేను చెప్పుకోవాల్సింది ఆ రెండింట్లోనూ పట్టదు. అందుకే వలల కొలతలు రాసుకునే పాత పుస్తకం ఒకటి అడిగి తెచ్చుకున్నాను. వెనక సగం ఖాళీగా ఉంది.

ఈ ఉదయం ఎగురుపెట్టె మందులతో పాటు ఒక గాజు పలకను కూడా దించి వెళ్ళింది. "పొగాకు మాన్పించడంలో తీరమంతటికీ ప్రథమ స్థానం, మూడో మంచె ఆరోగ్య కేంద్రం, సిస్టర్ వకుళ" అని నా పేరు చెక్కారు. పంతొమ్మిదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, ఎవరూ ఒక మంచి మాట అన్న పాపాన పోలేదు. ఇప్పుడన్నారు, అదీ ఒక అబద్ధానికి. గాలికి తలుపు కొట్టుకోకుండా ఆ పలకను అడ్డం పెట్టాను.

నా దగ్గర పూసలు పెట్టుకున్న ఆడవాళ్ళు అరవై ఒక్కమంది. అందరి పూసలూ పచ్చగానే ఉన్నాయి. చుట్ట మానేసింది మాత్రం ఒక్కరూ లేరు.

పూస అంటే బులాకీలాగా ముక్కు కింద వేలాడే గాజు గింజ. పెదవుల ముందు నిప్పు కనబడితే ఎర్రబడుతుంది. ఒకసారి ఎర్రబడితే ఏడాది దాకా పచ్చబడదు. ఊపిరిని పరీక్షిస్తే పోయేది కదా అంటారేమో, నీళ్ళ మీద కట్టుకున్న ఈ మంచెల మీద అందరూ చేపలకు పొగబెట్టే పొయ్యిల మధ్యే బతుకుతారు. నిన్న పుట్టిన పిల్ల ఊపిరిలో కూడా పొగే తేలుతుంది. అందుకని గట్టు మీది పెద్దలు బుర్రలు బద్దలు కొట్టుకుని ఈ పూసను తయారుచేశారు. వాళ్ళలో ఒక్కరైనా ఈ రేవు ఆడదాన్ని చూసి ఉండరు. ఇక్కడి ఆడవాళ్ళు కాల్చేది అడ్డచుట్ట. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పెదవులు మూసేస్తారు. బయటికి కనబడేది చల్లటి కొస. పూసకు అందులో తప్పేమీ కనబడదు. ఈ సంగతి కేంద్రానికి మూడుసార్లు రాశాను.

నిప్పు లోపల ఉంటుంది కాబట్టి కాలేదీ లోపలే. నిరుడు గనగళ్ల చిట్టెమ్మ అంగిట్లో కొత్త పొర వేశారు. ఆమె బుగ్గ లోంచి గీరి తీసుకుని గట్టు మీద సీసాలో పెంచిన పొర. ముప్పై రోజులు పూస పచ్చగా ఉంది కాబట్టి వేశారు. ఆ ముప్పై రోజులూ ఆమె కాలుస్తూనే ఉంది, ఆ తర్వాతా కాల్చింది. పది రోజుల్లో పొర మాడి ఊడిపోయింది. వానలు పడకముందే చిట్టెమ్మ పోయింది. పట్టికలో ఆమె ఇప్పటికీ పచ్చే.

ఇవాళ కోమర పోలమ్మ వచ్చి నా ముందు నోరు తెరిచింది. ఆరో మంచె మనిషి, యాభై ఎనిమిదేళ్ళు. అంగిలంతా తెల్లగా పేలిపోయి, మధ్యలో గోరంత ఎర్రటి పుండు. పుట్టకురుపు, అదే క్యాన్సర్, ఇంకా కాలేదని గట్టు నుంచి రిపోర్టు వచ్చింది. వదిలేస్తే వచ్చే వానలకు అవుతుంది. ఆమె పొర సీసాలో మొలకేసింది. ముప్పయ్యో రోజుకు చేతికొస్తుంది, ఆపైన ఐదు రోజులకు మించి నిలవదు. కనీసం ఇరవై ఒక్క రోజులు నోట్లో నిప్పు పడకుండా ఉంటేనే పుండు అంచులు ఆరి పొర పట్టుకుంటుంది. అంటే తొమ్మిదో రోజుకల్లా మానెయ్యాలి.

ఇదంతా చెప్పాను. పోలమ్మ విని పూసను వేలితో ముట్టుకుంది.

"ఇది పచ్చగుంటే సాలదేటి నర్సమ్మా?"

"పూసకు అబద్ధం చెప్పొచ్చు. పొరకు చెప్పలేం. చిట్టెమ్మను చూశారుగా."

ఆమె తల వంచుకుంది. చిట్టెమ్మ ఆమెకు తోటికోడలు. చర్మానికి అంటించే పట్టీలు, చప్పరించే బిళ్లలు ఇచ్చి పంపాను.

2వ రోజు

పోలమ్మ పొద్దున్నే వచ్చి బల్ల మీద కూర్చుంది. "అబద్దమాడను. నిన్న నాలుగు కాల్సినాను" అంది.

పంతొమ్మిదేళ్ళలో నాకు నిజం చెప్పిన రోగులను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రూలు ప్రకారం ఇప్పుడామె పేరు ఎర్రగడిలో పెట్టాలి. నిజం చెప్పినందుకు సీసాలోని పొరను పారబోస్తారు. నేను పెట్టలేదు.

5వ రోజు

మళ్ళీ నాలుగు. నిన్నా నాలుగే, మొన్నా నాలుగే. ఇంటి దగ్గర ఒక్కటి కూడా ముట్టడం లేదట. బిళ్లలు చప్పరిస్తోంది, చేతులు వణికితే వల అల్లుతోంది. పడవెక్కితే మాత్రం నాలుగు.

నాకు ఒళ్ళు మండింది. "పడవలో ఏముంది? సముద్రం చుట్ట అడుగుతోందా?" అన్నాను.

"పడవలో నా కోడలు రాజులు ఉన్నాది" అంది పోలమ్మ. రేపు నేనూ వెళ్తాను. అలలంటే నాకు కడుపులో తిప్పుతుంది, అయినా వెళ్తాను.

6వ రోజు

వెళ్ళాను. రెండుసార్లు వాంతి చేసుకున్నాను. రాజులు నవ్వింది, పోలమ్మ నవ్వలేదు.

రాజులమ్మకు ఇరవై ఆరేళ్ళుంటాయి. నడుముకు తాడు, వీపు మీద గాలితిత్తి కట్టుకుని మునిగిన ఊళ్ళోకి దిగుతుంది. అక్కడి ఇళ్ళ గోడల్లోంచి రాగితీగ పీక్కొస్తుంది. తిత్తిలో గాలి పన్నెండు నిమిషాలకే సరిపోతుంది. కింద బురదనీళ్ళు, చేతిని ముఖం దగ్గర పెట్టుకున్నా కనబడదు. వేళయిందని ఆమెకు తెలిసేది పైనుంచి తాడు లాగినప్పుడే. ఆ తాడు పోలమ్మ రెండు చేతుల్లో ఉంటుంది.

రాజులు మునగ్గానే పోలమ్మ చుట్ట అంటించి అడ్డంగా నోట్లో పెట్టుకుంది. కళ్ళు తాడు మీదే ఉన్నాయి. పది నిమిషాలకు, నా చేతి గడియారం ప్రకారం సరిగ్గా పది నిమిషాలకు, తాడు లాగింది. రాజులు తేలింది. మళ్ళీ దిగింది. మళ్ళీ ఒక చుట్ట, మళ్ళీ పది నిమిషాలు. నాలుగు మునకలకు నాలుగు చుట్టలు. అప్పటికి గాని నా మట్టిబుర్రకు ఎక్కలేదు.

"నిప్పు ముందుగాల అంగిట్లో ఉంటాది. మెల్లగ నాలిక మీదకి ఒస్తాది. ముందు పళ్ళు సురుక్కుమన్నాయంటే తాడు నాగాల" అని చెప్పింది పోలమ్మ, పడవ తిప్పుకుంటూ. "మా అమ్మ అలాగే నాగినాది, మా అమ్మమ్మా అలాగే నాగినాది."

"గడియారం ఇస్తాను" అన్నాను.

"గడియారం సూస్తే తాడు సూడలేను. బుడగలు సూడలేను."

"మోగే యంత్రాలిచ్చారు కదా, వేళకు గంట కొడతాయి."

పోలమ్మ తడి తాడు చుట్టసాగింది. రాజులే చెప్పింది. "అది మోగనేదు నర్సమ్మా. మా అత్తోలప్ప, ఈయమ్మకి అక్క, కిందన ఉన్నాది ఆ రోజు. ఉప్పునీరు దిగి గంట సచ్చిపోనాది. ఈయమ్మ అది మోగుతాదని కూకున్నాది."

ఐదు రోజులుగా ఈమెకు మనసు గట్టిగా లేదని మనసులో తిట్టుకుంటున్నాను. ఈమె నోట్లో ఉన్నది అలవాటు కాదు, కోడలి ప్రాణం. ఇటు మానకపోతే ఈమె పోతుంది, మానితే ఆ పిల్ల పోతుందేమోనని భయం. నన్నెవరైనా ఇలా అడిగితే నేనూ కాల్చేదాన్నే.

7వ రోజు

నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున లేచి మందుల అలమర ముందు నిలబడ్డాను. చప్పరించే బిళ్ల కూడా నోట్లోనే ఉంటుంది. అదీ మెల్లగా తరుగుతుంది, చూడకుండానే నాలుకకు తెలుస్తుంది. ఆరు రోజులుగా ఆమె చేతిలో పోస్తున్నది ఇదే. దాన్ని మందులాగా ఇచ్చాను గాని, గడియారంలాగా పనికొస్తుందని తట్టలేదు.

పోలమ్మను కూర్చోబెట్టి కొలిచాను. సగం బిళ్ల పదమూడు నిమిషాలు. ఎక్కువ. బ్లేడుతో పావు చేశాను. ఏడున్నర, ఎనిమిది, ఏడున్నర. బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోమన్నాను, అంగిలికి తగలకుండా.

"సప్పగున్నాది" అంది.

"చప్పగా ఉన్నా వేళ చెబుతోందా లేదా?"

"సెప్తన్నాది" అని ఒప్పుకుంది, ఇష్టం లేకుండానే.

8వ రోజు

రాజులు దిగకుండా ఖాళీ తాడుతో పడవలో కొలిచాం. ఎనిమిది. నేను సంబరపడ్డాను. తర్వాత రాజులు దిగింది. పోలమ్మ చుట్ట కూడా కాలుస్తూ, పక్కన బుగ్గలో పావు బిళ్ల పెట్టుకుంది, తేడా తెలియాలని. నిప్పు పళ్ళ దగ్గరికొచ్చింది, తాడు లాగింది, రాజులు తేలింది. బిళ్ల ఇంకా మిగిలే ఉంది. అది కరిగేసరికి పదకొండు నిమిషాలు.

భయపడితే నోరు ఎండుతుంది. నోరు ఎండితే బిళ్ల కరగదు. కోడలు కింద ఉంటే ఈ గడియారం మెల్లగా నడుస్తుంది. పంతొమ్మిదేళ్ళ నర్సును, నాకిది ముందే తట్టాలి.

వద్దు, ఇది కుదరదు అనేశాను. ఇంకొకరి పిల్ల ప్రాణంతో ప్రయోగాలు చేసే దమ్ము నాకు లేదు. రాజులు జుట్టు పిండుకుంటూ విని, "గాలి పన్నెండుకి గదా ఒస్తాది. పదకొండంటే ఒక నిమిషం ఉన్నాది" అంది.

"ఒక్క నిమిషమే ఉన్నాదే గుంటా" అంది పోలమ్మ.

"నీ నోటికి మాత్రం ఒక్క ఏడాదే ఉన్నాదంట గదా. రేపట్నించి బిళ్లే అత్తా. దిగేది నాను. నాను సెప్తన్నాను."

9వ రోజు

పోలమ్మ చుట్టల కట్టను నా బల్ల మీద పెట్టి పడవెక్కింది. నేను ఎదురుగా గడియారం పట్టుకుని కూర్చున్నాను, పదకొండు దాటితే నేనే లాగుదామని. ఎనిమిది అయింది. తొమ్మిది అయింది. పోలమ్మ బుగ్గ లోపల నాలుక కదులుతోంది. పది. నా చేతులు కూడా తాడు మీదకు వెళ్ళాయి. పదింబావు నిమిషాలకు లాగింది.

రాజులు పడవ అంచు పట్టుకుని గాలి పీల్చుకుని, "రేపు ఎట్టుకునే ముందల నోరు తడుపుకో అత్తా" అంది. అంతే. ఇద్దరూ రెండో మునకకు సర్దుకోవడం మొదలుపెట్టారు. నేను పడవ అడుగున కూర్చుని ఏడ్చాను. ఎవరూ పట్టించుకోలేదు, సముద్రం పడక అనుకున్నారు.

15వ రోజు. బుధవారం

నీళ్ళు పుక్కిలించి పెట్టుకుంటే తొమ్మిది నిమిషాలకు కుదురుకుంది. ఆరు రోజులుగా ఒక్క చుట్ట లేదు. పుండు అంచు గులాబిరంగుకు తిరుగుతోంది. రోజుకు ఆరు బిళ్లలు పడుతున్నాయి, ఒకటి నాలుగు ముక్కలై పడవకు, ఐదు ఆమె వణుకుకు.

ఇవాళ ఎగురుపెట్టెలో బిళ్లలు లేవు. పట్టీలూ లేవు. ఉత్తరం ఉంది. "మీ కేంద్రంలో పొగాకు వాడకం సున్నాకు చేరినందున, ఇకపై సంబంధిత మందుల సరఫరా నిలిపివేయబడినది. మీ కృషికి అభినందనలు."

నా దగ్గర పద్నాలుగు బిళ్లలున్నాయి. మిగతా అరవైమందికి పంచినవి అడిగి చూశాను. ఎప్పుడో పిల్లలు తినేశారట, తియ్యగా ఉన్నాయని.

17వ రోజు

తెర మీద కేంద్రం అధికారి పరాంకుశం గారు దొరికారు. చెడ్డవారేమీ కాదు. మర్యాదగా మాట్లాడతారు, మర్యాదగానే ప్రాణం తీస్తారు.

"మీ మూడు లేఖలూ చదివానమ్మా. కాని పూస పచ్చే చూపిస్తోంది కదా."

"పూస చూడలేని చోట నిప్పు ఉందండీ. ఒక్క మనిషికి బిళ్లలు పంపండి చాలు. ఒకే ఒక్క మనిషి నిజంగా మానేసింది."

"నిజంగా మానేస్తే బిళ్లలెందుకమ్మా?"

నేను కళ్ళు మూసుకుని పది దాకా లెక్కపెట్టుకున్నాను. పోలమ్మ తాడు, రాజులు గాలి, అన్నీ చెప్పాను. ఆయన రాసుకున్నారు కూడా.

"మినహాయింపు ఇచ్చే అధికారం నాకు లేదు. సరఫరా దానంతటదే జరిగిపోతుంది. మీ కేంద్రం పూసల్లో నూటికి ఇరవై ఎరుపు దాటితే మర్నాడే మందులు బయల్దేరతాయి. మంగళవారం సాయంత్రం లెక్క తీస్తారు" అన్నారు.

ఎరుపైన వాళ్ళకు ఏడాది దాకా పొర ఉండదు. పోలమ్మ ఎరుపైతే ఆమె సీసా పారబోస్తారు. ఇదేం లెక్కో, ఎవరు కట్టారో గాని, వాళ్ళ నోట్లో ఎప్పుడూ పుండు లేచి ఉండదు.

18వ రోజు

పటికబెల్లం పెట్టి కొలిచాం. ఒకటి ఐదు నిమిషాలు, ఇంకొకటి తొమ్మిది, మరొకటి ఆరు. తాటిబెల్లం మరీ ఘోరం. అవి నమ్మి తాడు పట్టుకోలేం.

పోలమ్మే తేల్చేసింది. "వణుకుడు నాను పడతాను. బిళ్లలు తాడుకి దాసు." పట్టీలు కూడా అయిపోయాయి. ఆమె నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. రాజులు మీద కసిరింది, నా మీద కసిరింది, వల ముడి పడలేదని వలను కోసేసింది.

20వ రోజు. సోమవారం

మూడు బిళ్లలు.

మధ్యాహ్నం ఆసుపత్రి మెట్ల మీద పోలమ్మ కూర్చుని ఉంది. చేతిలో అంటించని చుట్ట. వాసన చూస్తోంది. నేను పక్కన కూర్చున్నాను. లాక్కోలేదు. తిట్టే ఓపిక లేదు, ధైర్యం చెప్పే ఓపిక అంతకన్నా లేదు. "ఇస్తారా?" అన్నాను. చాలాసేపటికి ఇచ్చింది. చుట్ట తడిసిపోయి ఉంది, చెమటకో కన్నీళ్ళకో తెలియదు.

అప్పుడే సూరాడ కన్నమ్మ వచ్చింది. పోలమ్మ పక్కింటి మనిషి, తాడు పట్టే పనే, నన్ను ఆటపట్టించడంలో మొనగత్తె. నా గాజు పలకను తలుపు దగ్గర చూసినప్పుడల్లా దానికి దణ్ణం పెట్టి వెళ్తుంది. ఇవాళ పెట్టలేదు.

"బిళ్లలు రావంట గదా. పోలమ్మొదిన సెప్పినాది" అంది.

"రావు. అందరూ మానేశారట."

"ఎంతమంది ఎర్రబడితే ఒస్తాయి?"

నా పూసతో కలిపి అరవై రెండు. ఇరవై శాతం దాటాలంటే పదమూడు. ఆదర్శంగా ఉండాలని నర్సు కూడా పూస పెట్టుకోవాలి, రూలు. చెప్పాక భయమేసి, "కన్నమ్మా, ఆ ఆలోచన వద్దు. ఏడాది దాకా మీకెవరికీ పొర ఇవ్వరు. మీ అంగిలి కూడా నేను చూశాను" అన్నాను.

"సిట్టెమ్మకి ఇచ్చినారు గదా పొర. ఏటయినాది?"

"మీరు నిజంగా మానేస్తే నిలబడుతుంది."

"అదే సెప్తన్నాను. మానాలంటే బిళ్ల కావాల. బిళ్ల కావాలంటే ఎర్రబడాల. ఈ పచ్చ ఎట్టుకుని నానేటి సేసుకోను?"

పోలమ్మ లేచి, "ఒద్దే కన్నమ్మా. నా గురించి మీరు బతుకులు పాడుసేసుకోవద్దు" అంది. కన్నమ్మ ఆమె వైపు చూడనైనా చూడలేదు.

21వ రోజు. మంగళవారం

ఉదయం తలుపు తీసేసరికి మెట్ల నిండా ఆడవాళ్ళు. పద్నాలుగు మంది. పొయ్యి నుంచి నిప్పుకణికలు చిప్పలో తెచ్చుకున్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో చుట్ట.

"మొగోలలాగ కాల్సాలర్రా, నిప్పు బయటికి" అంది కన్నమ్మ. తనే ముందు అంటించింది. ఒక్క పీల్పుకే దగ్గు తన్నుకొచ్చి కళ్ళ నీళ్ళు కారాయి. "ఇదేటి రుసి? దీనికోసమేటి ఆ మొగోలు సచ్చిపోతారు?" అంది. మెట్ల మీద నవ్వులు. ఆమె ముక్కు కింద పూస ముందు పసుపుగా మారింది, తర్వాత ఎర్రబడింది. నవ్వు ఆగిపోయింది.

ఒకామె అంటించుకుంది. ఇంకొకామె. ముసలామె ఒకతె నిప్పును లోపల పెట్టేసుకుని, నాలుక్కరుచుకుని మళ్ళీ తిప్పుకుంది. ఒక్కో పూస ఎర్రబడుతుంటే నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. పొగాకు మాన్పించే నర్సును, నా వాకిట్లో పన్నెండుమంది చుట్టలు కాలుస్తుంటే ఒక్కరినీ ఆపలేదు. ఆపాలా వద్దా అని ఇప్పటికీ తెలియదు.

చివరి ఇద్దరు అంటించలేదు. ఒకామెకు వచ్చే నెలే పొర. చుట్టను కొంగులో దాచుకుని ఏడుస్తూ వెళ్ళిపోయింది, చెల్లెలు వెంట వెళ్ళింది. వాళ్ళను ఒక్క మాటా అనలేను.

పన్నెండు. కన్నమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది. ఇంకెవరినైనా తెస్తానని లేచింది. మిగతావాళ్ళు అప్పటికే పడవల మీద వెళ్ళిపోయారు, చీకటి పడ్డాక గాని రారు. లెక్క సాయంత్రం తీస్తారు.

నా పూస పచ్చగానే ఉంది. పచ్చగా ఉండదగ్గ పూస ఈ మంచె మీద అదొక్కటే, పోలమ్మ సంగతి పక్కన పెడితే. నేను మెట్లు దిగి వచ్చి, చేయి చాచాను. కన్నమ్మ నా ముఖంలోకి చూసి, ఒక చుట్ట పెట్టింది. నేనెప్పుడూ కాల్చలేదు. మా నాన్న గొంతులో కురుపుతో పోయినప్పుడు ఒట్టు పెట్టుకున్నాను. పీలిస్తే ఛాతీలో కత్తి దిగినట్టయింది. దగ్గుతూనే ఉన్నాను. ఎవరో వీపు రాశారు. కన్నమ్మ వంగి నా ముక్కు కిందకు చూసింది.

"ఎర్రబడినాది నర్సమ్మా. ఇంక పారేసీ" అంది మెత్తగా.

22వ రోజు. బుధవారం

నాలుగు వందల బిళ్లలు, పట్టీలు, రోగులకు ప్రేరణ కలిగించడం ఎలాగో చెప్పే ఒక బొమ్మల పుస్తకం. ఉత్తరం కూడా ఉంది. తీరమంతటికీ మాది చివరి స్థానమట. గాజు పలకను తిరిగి పంపాలట. సిబ్బందిలోనే పొగాకు వాడకం బయటపడినందున సిస్టర్ వకుళపై విచారణ జరుగుతుందట. జరగనీ.

పలకను పంపేశాను. తలుపుకు అడ్డంగా ఇప్పుడొక రాయి పెట్టాను. రాయే నయం.

పోలమ్మకు బిళ్ల ఇస్తే బుగ్గలో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. పక్కన కూర్చున్న నా చేతిని పట్టుకుంది, చాలాసేపు వదల్లేదు.

30వ రోజు

పుండు గులాబిరంగులో ఆరింది. ఇరవై ఒక్క రోజులు నిప్పు లేదు. పోలమ్మ పూస పచ్చగా ఉంది, ఈ ఒక్కసారికి ఆ రంగు నిజం.

గట్టుకు వెళ్ళే పడవ రేవులో ఆగింది. పోలమ్మ ఒక కాలు అందులో పెట్టి ఆగిపోయింది. నీళ్ళు నెమ్మదిగా ఉండేవి ఈ పది రోజులే, రాజులు దిగక తప్పదు. తాడు ఎవరు పట్టుకుంటారు? కన్నమ్మ పట్టుకుంటానంది. కన్నమ్మ చుట్టతోనే పట్టుకుంటుంది, పదేళ్ళుగా అలాగే పట్టుకుంటోంది, పోలమ్మ బెంగ అది కాదు.

"నాను ఒచ్చేసరికి ఆ పడవ నిండా చుట్టపొగే ఉంటాది నర్సమ్మా. రెండు నెలలు నా పొర ఆగాల గదా. ఆ వాసనొస్తే నాను ఆగగలనేటి?" అని నాతో గొణిగింది.

కన్నమ్మ విన్నది. రొంటిన దోపుకున్న చుట్టల కట్ట తీసి చూసుకుంది. దాన్ని నా చేతిలో పెట్టింది.

"నాకూ ఓ పావు కొయ్యి" అంది.

కన్నమ్మ, 1వ రోజు

గట్టు నుంచి కబురు వచ్చింది. పొర వేశారు. అంచులు పట్టాయి, రెండు నెలలు గడిస్తే గాని గట్టిగా చెప్పలేమన్నారు. పోలమ్మ మాట్లాడకూడదు కాబట్టి పలక మీద బొమ్మ వేసి పంపింది. పడవ, తాడు, తాడు కింద మనిషి. మనిషి క్షేమమేనా అని అడుగుతోంది.

పడవలో నేను గడియారం పట్టుకుని కూర్చున్నాను. వాంతి కాలేదు. కన్నమ్మ నీళ్ళు పుక్కిలించి ఉమ్మి, పావు బిళ్ల బుగ్గలో పెట్టుకుని, రెండు చేతులతో తాడు పట్టుకుంది. రాజులు మునిగింది. కన్నమ్మకు జోకులన్నీ ఆగిపోయాయి. ఎనిమిది. ఆమె పెదవులు పొడిబారి కనిపిస్తున్నాయి. తొమ్మిది. పది. నేను నోరు తెరవబోయాను.

లాగింది. బుడగలు పైకొచ్చాయి, వాటి వెనక రాజులు తల, చేతినిండా రాగితీగ.

"పొద్దు సరిపోనాదా?" అంది కన్నమ్మ, తాడు చుట్టుకుంటూ.

"సరిపోనాది పిన్నీ" అంది రాజులు. "ఇంకో పావు ఎట్టుకో."

పోలమ్మకు జవాబు పలక మీద గీసి పంపాలి. నాకు బొమ్మలు రావు, రాజులు వేస్తానంది. తిరిగి వస్తుంటే కన్నమ్మ నా వైపు తిరిగి నవ్వింది. ఆమె ముక్కు కింద పూస ఎర్రగా ఉంది, నాదీ ఎర్రగానే ఉంది, ఇంకో ఏడాది అలాగే ఉంటాయి. పట్టికలో ఎర్రగడిలో రెండు పేర్లూ రాసి పంపాను. ఇద్దరి నోళ్ళలోనూ నిప్పు లేదని ఇక్కడ రాసుకుంటున్నాను.